మెట్లెన్ని అమ్మమ్మా?

పోర్ట్స్‌మత్ స్క్వేర్ పార్కుని కొత్తగా కట్టేటప్పుడు కర్నీ స్ట్రీట్ మీదున్న నడక వంతెనను తీసేయాలన్నది నగరం వేసుకున్న ప్లాన్ అని చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌కి వెళ్లినవాళ్లకి ఆ వంతెన గుర్తుండే ఉంటుంది. పార్కులో మొదలై, కింద కార్లన్నీ దాటి, ఎదురుగా ఉన్న పెద్ద హోటల్ మూడో అంతస్తులోకి తిన్నగా వెళ్తుంది. అందమైనదేం కాదు, ఉత్త కాంక్రీటు. అది పోతే పార్కు విశాలమవుతుంది, అక్కడ రోజంతా కూర్చునే ముసలివాళ్లకి ఇంకాస్త ఎండ తగులుతుంది. అదంతా మంచికే. కానీ నా అమెరికా జీవితం నిజంగా మొదలైంది ఆ వంతెన మీద. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

నేను 1999 అక్టోబరులో ఆ ఊరొచ్చాను. పెళ్లయి నాలుగు నెలలు. మా ఆయనకి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో వై2కే ప్రాజెక్టు. ఉద్యోగం మీద వచ్చినవాళ్ల భార్యలకిచ్చే హెచ్‌4 వీసా మీద వచ్చిన నేను అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. మనవాళ్లంతా ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు ఉండేవారు. మేమేమో ఆఫీసుకి నడిచి వెళ్లొచ్చని క్లే స్ట్రీట్ ఎగువన చిన్న స్టూడియో తీసుకున్నాం. పొద్దున ఎనిమిదింటికి ఆయన వెళ్తే సాయంత్రం ఆరున్నర దాకా ఇంట్లో నేనూ, నాలుగు గోడలూ.

నాలుగో రోజో ఐదో రోజో ధైర్యం చేసి దిగువకి నడిచాను. రెండు వీధులు దిగేసరికి స్టాక్టన్ స్ట్రీట్. అక్కడి కూరగాయల కొట్లు చూసి ఏడుపొచ్చినంత పనైంది. కాకరకాయలు, బీరకాయలు, బొబ్బర కాయలు, చేమదుంపలు, ముక్కలు కోసి పెట్టిన బూడిద గుమ్మడి, ఎర్ర జీర ఉన్న తోటకూర కట్టలు. కాకరకాయ మనదానికంటే లేత రంగు, బొడిపెలు నున్నగా ఉంటాయి. అయినా కాకరకాయే కదా! గబగబా నాలుగు బీరకాయలు తీసి సంచిలో వేస్తుంటే పక్కనున్న ఒక ముసలావిడ నా చేతిలోది లాక్కుంది. నేను బిత్తరపోయాను. ఆవిడ ఆ కాయకి బొటనవేలి గోరు ఆనించి నొక్కింది. గోరు దిగలేదు. తల అడ్డంగా ఊపి దాన్ని పక్కన పడేసి, కుప్ప అడుగు నుంచి ఇంకోటి తీసి నొక్కింది. మెత్తగా దిగింది. అది నా సంచిలో వేసింది. అలా నాలుగూ ఆవిడే ఏరి పెట్టింది.

సొరకాయకి గోరు గుచ్చి చూడటం మా అమ్మమ్మ అలవాటు. నాగాయలంక సంతలో కొట్టువాళ్లు ఆవిణ్ణి చూసి "మామ్మా, కాయలన్నీ గోళ్లతో చిల్లులు పెట్టకే" అని గోల పెట్టేవాళ్లు.

ఆ తర్వాత బీరకాయలు ఏరిపెట్టిన ముసలావిణ్ణి రోజూ పార్కులో చూసేదాన్ని. పోర్ట్స్‌మత్ స్క్వేర్ అని ఇంగ్లిష్ పేరుగానీ అక్కడివాళ్లు దాన్ని 'ఫా యున్ గోక్' అంటారు. తోట మూల అని అర్థం. 1846లో అమెరికన్ నౌకాదళం ఆ ఊళ్లో మొదటిసారి జెండా ఎగరేసింది అక్కడే. నాకు మాత్రం అది మన ఊళ్ల రచ్చబండలా కనిపించింది. మగవాళ్లు చైనా చదరంగం చుట్టూ గుంపుగా మూగి ఉంటారు. ఆడేది ఇద్దరు, ఎత్తులు చెప్పేది పదిమంది. ఆడవాళ్లు అట్టముక్కలు పరుచుకుని పేకాడుతుంటారు. చైనాటౌన్‌లో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఇళ్లు ఎక్కువ. కాళ్లు చాపుకోవడానికి ఆ పార్కే వాళ్లకి హాలు, అరుగు, పెరడు.

ఆవిడకి ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు. నాదీ అప్పటికి పుస్తకాల ఇంగ్లిషే. స్కూలయ్యాక ఆవిడ మనవరాలు వచ్చి కూర్చునేది, పదహారేళ్ల పిల్ల. మా ఇద్దరికీ మధ్య దుబాసీ ఆ పిల్లే. ఆవిణ్ణి ఏమని పిలవాలని అడిగితే "పోపో అనండి" అంది. అమ్మమ్మ అని అర్థమట. ఆ ఆదివారం ఇండియాకి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పాను, ఇక్కడ నాకు ఒక పోపో దొరికిందని. "అదేంటే, పెద్దావిణ్ణి పట్టుకుని పో పో అంటావా!" అని అమ్మ నిజంగానే కంగారుపడింది. వాళ్ల భాషలో అమ్మమ్మని అలాగే అంటారని చెప్తే, కాసేపు ఆగి, "మరి ఆవిణ్ణి బాగా చూసుకో" అంది.

పోపో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. నా పేరు కాదు, మా ఆయన ఉద్యోగం కాదు. "హెంగ్ హా ఎక్కడ?" అంది. మనవరాలు కాసేపు తడుముకుని, "అంటే... మీ సొంత ఊరు, మీ పూర్వీకుల ఊరు ఎక్కడని" అంది. అమెరికా వచ్చాక నన్ను "మీదే ఊరమ్మా" అని అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఇండియా అని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ అడిగింది దేశం కాదు. దివిసీమ, కృష్ణ సముద్రంలో కలిసే చోటు, నాగాయలంక దగ్గర చిన్న పల్లె అని చెప్పాను. ఆవిడ సంతోషంగా తలూపింది. ఆవిడదీ నదులు సముద్రంలో కలిసే చోటేనట. పర్ల్ నది డెల్టాలో టాయ్‌సాన్.

డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం జడివాన పట్టుకుంది. ఆటలన్నీ చెదిరిపోయాయి. పోపో నా చెయ్యి పట్టుకుని వంతెన మీదుగా హోటల్లోకి లాక్కెళ్లింది. హోటల్లోకి మనల్ని రానిస్తారా అని నా టెన్షన్ నాది. అవతల తలుపు తోసేసరికి అది హోటల్ కాదు. చైనీస్ కల్చర్ సెంటర్.

దాని వెనక కథ నాకు మెల్లమెల్లగా తెలిసింది. అక్కడ ఒకప్పుడు పోలీసు కోర్టులూ జైలూ ఉన్న పాత హాల్ ఆఫ్ జస్టిస్ ఉండేది. అది వేరే చోటికి తరలిపోయాక ఆ స్థలం మీద చైనాటౌన్ పెద్దలు పట్టుబట్టారు. చివరికి హోటల్ కట్టుకోవచ్చు, కానీ అందులో చైనా సంస్కృతి కేంద్రానికి చోటివ్వాలి అన్న షరతు మీద పని కదిలింది. 1965లో దానికోసం ఫౌండేషన్ అనే సంస్థ పెట్టుకుంటే 1973కి గానీ సెంటర్ తెరుచుకోలేదు. వంతెన ఎందుకో అప్పుడు అర్థమైంది. హోటల్ లాబీలో సూటు వేసుకున్నవాళ్ల మధ్య నుంచి వెళ్లాలంటే ఏ ముసలావిడా వెళ్లదు. పార్కులోంచి తిన్నగా నడిచొస్తే అది తన పక్కిల్లే. అలా కట్టాలని ఎవరికి తట్టిందో గానీ వాళ్లకి చేతులెత్తి మొక్కాలి.

ఆ రోజు లోపల పిల్లలు కుంచెతో అక్షరాలు దిద్దుతున్నారు. ఒక మాస్టారు పిల్లవాడి వెనక నిలబడి, వాడి చేతి మీద తన చెయ్యి వేసి గీత లాగిస్తున్నారు. పలక మీద అ ఆ లు దిద్దించినట్టే. నల్ల సిరా వాసన, తడిసిన గొడుగుల వాసన. పోపో నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి సంచిలోంచి నారింజ తీసి ఒలిచి పెట్టింది. ఆ తర్వాత వాన లేని రోజుల్లో కూడా వెళ్లడం మొదలుపెట్టాను.

2000 ఫిబ్రవరిలో, వాళ్ల కొత్త సంవత్సరం రోజుల్లో, అక్కడ ఒక ప్రదర్శన చూశాను. నా జీవితంలో చూసిన ప్రదర్శనలన్నింటిలో నాకు బాగా పని చేసింది అదే. 1991 నుంచి ఆ సెంటర్, చైనీస్ హిస్టారికల్ సొసైటీ కలిసి 'రూట్స్' అనే కార్యక్రమం నడిపేవి. ఏటా కొద్దిమంది కుర్రకారుని తీసుకునేవారు. వాళ్లు ముందు ఇంట్లో తాతల్నీ అమ్మమ్మల్నీ కూర్చోబెట్టి అడగాలి, వంశవృక్షం గీయాలి, శాన్ బ్రూనోలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లి పాత ఇమిగ్రేషన్ ఫైళ్లు వెతకాలి. ఎండాకాలంలో గ్వాంగ్‌డాంగ్ వెళ్లి తమ పూర్వీకుల ఊరు వెతికి పట్టుకోవాలి. తిరిగొచ్చాక చూసిందంతా బోర్డుల మీద పెట్టాలి. ఒక్కో బోర్డు ఒక్కో ఇంటి కథ. ఒకమ్మాయి తన ముత్తాత ఇంటి తలుపు తాళంకప్ప ఫోటో పెట్టింది. ఒకబ్బాయి ఏమీ దొరకక, ఊరి చివర బావి ఫోటో ఒక్కటే పెట్టాడు.

ఈ పని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు హిమ్ మార్క్ లై. చైనాటౌన్‌లోనే 1925లో పుట్టిన మనిషి. బెక్టెల్ అనే నిర్మాణ కంపెనీలో మెకానికల్ ఇంజినీరు. పగలు ఉద్యోగం, సాయంత్రాలూ శనాదివారాలూ తన జాతి చరిత్ర. పాత చైనీస్ పేపర్లు, సంఘాల మినిట్స్, ఉత్తరాలు, ఎవరైనా పారేస్తామంటే వెళ్లి తెచ్చుకునేవారట. 1969లో మిత్రుడు ఫిలిప్ చోయ్‌తో కలిసి శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో చైనీస్ అమెరికన్ చరిత్ర పాఠం చెప్పారు, అమెరికా కాలేజీల్లో అలాంటి పాఠం అదే మొదలు. ఇంజినీర్లయిన మనవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

ఆయన పేరులోనే ఒక కథ ఉంది. మనలాగే చైనావాళ్లకీ ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. అమెరికా వచ్చాక మనకి జరిగినట్టే వాళ్లకీ తలకిందులవుతుంది. ఆయన అసలు ఇంటిపేరు లై కాదు. వాళ్ల నాన్న లై అనే ఇంటిపేరున్న కాగితాల మీద వచ్చారు. అసలు ఇంటిపేరు 'మార్క్'. దాన్ని పోగొట్టుకోలేక కొడుకు పేరు మధ్యలో దాచారు. ఇంటిపేరుని పేరులో దాచుకోవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందో ఆ బోర్డుల ముందు నిలబడి పోపో మనవరాలు చెప్పింది.

1882లో అమెరికా చైనా కూలీలు రాకూడదని చట్టం చేసింది. సియెరా కొండలు తొలిచి సెంట్రల్ పసిఫిక్ రైలు దారి వేసిన చేతులవి. ఆ పని 1869లో అయిపోయింది, పదమూడేళ్లకి తలుపు మూసేశారు. అమెరికా పౌరుడి పిల్లలైతే మాత్రం రావచ్చు. 1906 భూకంపంలో, ఆ వెంట వచ్చిన మంటల్లో నగరంలోని జనన రికార్డులు కాలిపోయాయి. అప్పుడు చాలామంది "నేను ఇక్కడే పుట్టాను" అన్నారు. కాదని చూపించడానికి కాగితం లేదు. అలా పౌరులైనవాళ్లు చైనాలో తమకి ఇంతమంది కొడుకులున్నారని రాయించి, ఆ చోట్లని బంధువులకో, డబ్బిచ్చినవాళ్లకో ఇచ్చేవారు. వాళ్లనే కాగితం కొడుకులు అన్నారు. ఇది తప్పు కదా అని ఎవరైనా నాతో వాదిస్తే నేను ఒప్పుకోను. కుటుంబం దగ్గరికి చేరడానికి మనిషికి వేరే దారి లేకుండా చేసిన చట్టానిదే తప్పు.

ఆ సంగతి అధికారులకీ తెలుసు. అందుకే ఏంజెల్ ఐలాండ్‌లో 1910 నుంచి 1940 దాకా వచ్చినవాళ్లని రోజులు, వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఆపి ప్రశ్నలడిగేవాళ్లు. మీ ఊళ్లో ఇళ్లు ఎన్ని వరసలు? మూడో వరసలో రెండో ఇల్లు ఎవరిది? మీ ఇంటికి మెట్లెన్ని? బియ్యం కుండ ఎక్కడ ఉంటుంది? తండ్రిని వేరుగా, కొడుకుని వేరుగా అడిగి పోల్చేవాళ్లు. జవాబు తేడా వస్తే వెనక్కి పంపొచ్చు. అందుకని ఓడ ఎక్కే ముందు ప్రశ్నలూ జవాబులూ రాసిన కాగితాలు ఇచ్చేవారు. బట్టీ పట్టి, తీరం కనిపించేలోగా సముద్రంలో పారేసేవారు.

పోపో వంతు ఆ తర్వాత వచ్చింది. 1943లో ఆ చట్టం రద్దయింది, ఏడాదికి 105 మంది రావచ్చన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన చైనావాళ్లు భార్యల్ని తెచ్చుకోవడానికి యుద్ధం తర్వాత వేరే వీలు కల్పించారు. పోపో భర్త అలాంటి సైనికుడు. ఆయన కూడా కాగితం కొడుకే. 1948లో ఆవిడ ఓడ దిగితే సాన్సమ్ స్ట్రీట్‌లోని ప్రభుత్వ భవనంలో పై అంతస్తులో ఉంచారు. భర్త అదే ఊళ్లో ఉన్నాడు, కానీ ఆవిడ మూడు వారాలు ఆయన్ని చూడలేదు. అడిగినవి అవే ప్రశ్నలు. అత్తగారింటి మెట్లెన్ని? కిటికీ ఏ దిక్కుకి? పెళ్లినాడు ఎన్ని బల్లలు వేసి భోజనాలు పెట్టారు? ఒకరోజు మార్కెట్ నుంచి వస్తూ ఆ భవనం చూపించింది. మా ఆయన ఆఫీసుకి నాలుగు అడుగుల దూరం. నేను రోజూ సాయంత్రం దాని పక్క నుంచే నడిచేదాన్ని.

నాకు మద్రాసు కాన్సులేట్ గుర్తొచ్చింది. అప్పటికి హైదరాబాదులో కాన్సులేట్ లేదు. పెళ్లి ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని, తెల్లవారకముందే లైన్లో నిలబడి, పెళ్లికి ఎంతమంది వచ్చారని అడిగితే మా ఆయన చెప్పిన సంఖ్యే చెప్పాలని దారంతా వల్లె వేసుకున్నాను. నాది పది నిమిషాల భయం. ఆవిడది మూడు వారాలు. అయినా పోపో ముందు ఆ మాట చెప్తే, "అదే, అదే" అంటూ నా వీపు మీద తట్టింది.

ఆ ప్రదర్శన చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మమ్మ ఇంటికి మెట్లెన్ని?

నాకు తెలియదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు మూడేళ్లు. మేము విజయవాడలో ఉన్నాం. అమ్మమ్మ, తాతయ్య ముందురోజే ఒక పెళ్లికి బందరు వెళ్లబట్టి బతికారు. దివిసీమలో వేలమంది పోయారు, మా పల్లెలో ఇల్లన్నది మిగల్లేదు. ఇంటితోపాటు పెట్టె, పెట్టెలో దస్తావేజులు, తాతయ్య వాళ్ల నాన్న ఫోటో, అమ్మ స్కూలు సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. అక్కడ నిప్పు తీసుకెళ్లినవి ఇక్కడ నీళ్లు తీసుకెళ్లాయి. తర్వాత అమ్మమ్మ వాళ్లు అవనిగడ్డలో స్థిరపడ్డారు. పాత ఇంటి గురించి ఎవరూ ఎత్తేవారు కాదు, ఆవిడ బాధపడుతుందని.

అప్పట్లో ఫోన్ కార్డులు. గోకి నంబరు చూసుకుని డయల్ చేస్తే "మీకు ఇన్ని నిమిషాలున్నాయి" అని చెప్పేది. వారం వారం ఆ నిమిషాల్లోంచి పది అమ్మమ్మకి పక్కన పెట్టాను. మొదటిసారి అడిగినప్పుడు గొంతు వణికింది.

"అమ్మమ్మా, మన పాత ఇంటికి మెట్లెన్ని?"

అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైన్ కట్ అయిందనుకున్నాను.

"ఎందుకే?"

"ఊరికే, తెలుసుకుందామని."

"మూడు. నల్లరాయి మెట్లు. మూడోదానికి ఒక మూల విరిగి ఉండేది. మీ అమ్మ దానిమీంచి పడే గడ్డం పగలగొట్టుకుంది."

అమ్మ గడ్డం కింద మచ్చ పుట్టుమచ్చ అనుకున్నాను అన్నాళ్లూ.

ఆ తర్వాత ఇక ఆవిణ్ణి ఆపలేకపోయాం. ఫోన్ మోగేలోపే పక్కన కూర్చుని ఉండేదట. గాదె ఎక్కడుండేది, బావి గిలకకి తాడు ఎవరు పేనేవారు, పక్కిల్లు ఎవరిది, ఆ పక్కది ఎవరిది, ఏ ఇంట్లో ఎంతమంది పోయారు. పోయినవాళ్ల పేర్లు చెప్పేటప్పుడు మాత్రం ఒక్కొక్క పేరు దగ్గరా ఆగేది. నేను కోరినట్టే ఆవిడ నెమ్మదిగా చెప్పేది, నేను స్పైరల్ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. పోపోకి చూపిస్తే, తెలుగు చదవలేకపోయినా పేజీలన్నీ తిప్పి, నేను గీసిన ఇంటి ప్లాన్ దగ్గర ఆగి, వంటిల్లు ఏ మూలో వేలు పెట్టి చూపించమంది.

కర్నీ స్ట్రీట్‌లోనే ఇంకాస్త ముందుకెళ్తే అప్పట్లో ఒక పెద్ద ఖాళీ గుంత ఉండేది. అక్కడ ఒకప్పుడు ఉన్నది ఇంటర్నేషనల్ హోటల్ అని, ఫిలిప్పీన్స్ నుంచీ చైనా నుంచీ వచ్చి ఒంటరిగా ముసలివాళ్లయిన కూలీలు ఉండే ఇల్లది. 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున వందలమంది పోలీసులు వచ్చి, అడ్డంగా చేతులు పట్టుకుని నిలబడ్డ వేలమందిని తోసేసి, వాళ్లని వీధిలో పెట్టారు. పోపో కూడా ఆ రాత్రి అక్కడ నిలబడిందట. మా ఊరు పోయిన సంవత్సరమే. 2005లో గానీ అక్కడ మళ్లీ ముసలివాళ్లకి ఇళ్లు కట్టలేదు.

వాషింగ్టన్ స్ట్రీట్‌లో మూడు అంతస్తుల కప్పుతో గుడిలా కనిపించే చిన్న బ్యాంకు ముందు కూడా పోపో ఎప్పుడూ ఆగేది. అది ఒకప్పటి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి. చైనాటౌన్‌లో నంబరు అడగడం మర్యాద కాదని, మనిషి పేరు చెప్పి కలపమనేవారట. పేర్లు, ఇళ్లు, ఎవరు ఎక్కడ పనిచేస్తారు, అంతా ఆపరేటర్లకి కంఠతా. 1949లో డయల్ ఫోన్లు వచ్చాక మూతపడింది. "నేనూ ఇక్కడే ఫోన్ చేశాను, వచ్చిన కొత్తలో. నా గొంతు వినగానే మా ఆయన కుట్టుపని చేసే చోటుకి కలిపేసింది ఆ పిల్ల" అని చెప్పి నవ్వేది.

2001లో డాట్‌కామ్ దెబ్బకి మా ఆయన ప్రాజెక్టు పోయింది. కొన్నాళ్లు నానా తిప్పలు పడి ఫ్రీమాంట్ మారాం. 2002 ఫిబ్రవరిలో అమ్మాయి పుట్టింది. మా వీసా గడువు నెలల్లో లెక్క. పిల్ల మాత్రం పుట్టగానే ఈ దేశ పౌరురాలు. అదెలా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. చూడటానికొచ్చిన పోపో మనవరాలే చెప్పింది. శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాణ్ణి, చైనా వెళ్లొస్తుంటే నువ్వు ఇక్కడివాడివి కాదని ఓడలోనే ఆపేశారు. ఆయన కోర్టుకెక్కాడు. 1898లో సుప్రీంకోర్టు, ఈ గడ్డ మీద పుట్టినవాడు తల్లిదండ్రులు చైనావాళ్లైనా ఇక్కడి పౌరుడేనని తీర్పు చెప్పింది. మన ఇళ్లల్లో పుట్టిన ప్రతి పిల్లా ఆయనకి రుణపడి ఉంది. ఆ పేరు మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? పోపో పంపిన ఎర్ర కవరు, అందులో ఇరవై డాలర్ల నోటు, ఇప్పటికీ అమ్మాయి పుట్టిన వెంట్రుకలతో పాటు దాచాను. ఖర్చుపెట్టలేదు.

ఆ తర్వాత పిల్ల, డ్రైవింగ్, కోర్సులు, ఉద్యోగం. వంతెన వైపు వెళ్లడం తగ్గిపోయింది. అమ్మమ్మ 2004లో పోయింది. 2006లో ఒకసారి వెళ్తే హోటల్ బోర్డు మారింది. మూడో అంతస్తు అలాగే ఉంది. అక్కడ ఆ మనవరాలు కనిపించింది, వాలంటీరుగా. నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. పోపో పోయి ఏడాదిన్నర అయిందట. ఆవిడ పోయాకే తను రూట్స్‌లో చేరి టాయ్‌సాన్ వెళ్లొచ్చిందట. "ఇల్లు దొరికింది ఆంటీ. తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చుని వచ్చేశాను. అడగాల్సినవి సగం కూడా అడగలేదు నేను. మీకు చెప్పినవన్నీ నేనే కదా ఇంగ్లిష్‌లోకి మార్చింది, ఒక్కటీ రాసుకోలేదు" అంది. మరుసటి వారం నేను నోట్‌బుక్ పట్టుకెళ్లాను. పోపో నాకు చెప్పినవి అందులో వెనక పేజీల్లో రాసుకున్నాను, తెలుగులో. ఇద్దరం ఆ హాల్లో కూర్చుని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నాం. మూడు గంటలు పట్టింది.

కోల్మాలో పోపో సమాధి చూపించింది ఆ అమ్మాయి. రాతి మీద ఇంగ్లిష్‌లో ఒక ఇంటిపేరు, చైనీస్‌లో ఇంకో ఇంటిపేరు. ఇంగ్లిష్‌లో ఉన్నది కొన్నది. చైనీస్‌లో ఉన్నది పుట్టింది. అలాంటి రాళ్లు ఆ వరసలో ఇంకా కనిపించాయి.

మా అమ్మాయి మనబడిలో తెలుగు నేర్చుకుంది. ఎనిమిదేళ్లప్పుడు ఏంజెల్ ఐలాండ్ తీసుకెళ్లాను. బారకాసుల చెక్క గోడల మీద, రంగు పొరల కింద, బందీలు చెక్కిన పద్యాలున్నాయి. వాటిని కూల్చేద్దామనుకున్న రోజుల్లో, 1970లో ఒక పార్కు రేంజరు టార్చి వేసి చూసి, ఇవి ఉత్త గీతలు కావని గట్టిగా చెప్పబట్టి మిగిలాయి. ఆ దీవిలో మన పంజాబీలనీ ఆపి ఉంచారు, చాలామందిని వెనక్కి పంపేశారు. అమ్మాయి ఒక అక్షరం మీద వేలు ఆనించబోయి, ముట్టుకోవచ్చా అని నా వైపు చూసింది. వద్దన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుని, గాలిలోనే దాని మీద దిద్దింది.

2016 సంక్రాంతికి ఇండియా వెళ్లినప్పుడు నోట్‌బుక్ తనే సంచిలో పెట్టుకుంది. నాగాయలంక దాటి ఆటోలో పల్లెకి వెళ్లాం. అమ్మమ్మ ఇల్లున్న చోట ఇప్పుడు మినుము వేశారు. బావి ఒర మాత్రం ఉంది, సగం పూడిపోయి. అమ్మాయి ప్లాన్ తెరిచి, బావి దగ్గర నిలబడి, అడుగులు లెక్కపెట్టుకుంటూ చేను గట్టు మీద నడిచింది. "ఇక్కడ మెట్లు. ఇది వసారా. ఇక్కడ గాదె." గట్టు మీద గొడుగు పట్టుకుని చూస్తున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. మేము ఎవరి పిల్లలమో చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి అమ్మమ్మ పేరు తనే అన్నాడు. తర్వాత అమ్మాయి నిలబడ్డ చోటు చూసి చెయ్యి ఊపాడు.

"గాదె అక్కడ కాదమ్మా. అవతల, తూర్పు పక్క. నేను వడ్లు దింపినవాణ్ణి, నాకు తెలీదా?"

"మా ముత్తవ్వ పడమర అని చెప్పిందండీ" అంది అమ్మాయి, తన అమెరికా తెలుగులో.

"ఆవిడ చెప్పిందా? మరి ఆవిడ ఇల్లు..." అని ఆయన ఆగిపోయి, చేనుకేసి చూస్తూ నిలబడ్డాడు.

అమ్మాయి గట్టు మీద గొంతుక్కూర్చుని, నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకుని, నా చేతిరాత పక్కనే ఆయన పేరు అడిగి రాసుకుని, తూర్పు అని కూడా రాసింది. పడమర కొట్టేయలేదు.